‘వచ్చితీవు’లో ఆ దీర్ఘం

గోదారి గట్టు: మా తాతయ్య ఇంటికి ఎవరొచ్చినా ‘బావా! యెప్పుడు వచ్చితీవు’ అని నాటకంలో కృష్ణుడి పద్యం ఎత్తుకునేవారు. నిన్న నేనూ అలాగే పాడితే, ‘వచ్చితివి కదా, తీవు ఏంటి?’ అన్నాడు మా అబ్బాయి. జవాబు తోచలేదు. ఆ దీర్ఘం ఛందస్సు కోసమా, అసలు రూపమే అదా?

పద్యాల పెట్టె: ఆ పద్యం శార్దూల వృత్తం కదండీ. మూడో గణం ‘చ్చితీవు’, జగణం, అంటే లఘువు, గురువు, లఘువు. ‘చ్చితివి’ అంటే మూడూ లఘువులై నగణమైపోతుంది.

తెనాలి: గణం కోసం అక్షరం సాగదీసే అవసరం ఆ పద్యం రాసిన తిరుపతి వేంకట కవులకేమిటి? మమ్మల్ని గెలిస్తే ఈ మీసాలు తీసేస్తామని పద్యంలో సవాలు విసిరిన జంట! ‘వచ్చితి + ఈవు’ అని విడదీయండి. ఈవు అంటే నీవే.

పద్యాల పెట్టె: మరి ‘వచ్చితివి’లో ‘వి’ ఎటుపోయింది?

కరీంనగర్: మా దిక్కు బావ ఎంత పెద్దోడైనా ‘ఎప్పుడొచ్చినవ్ బావా’ అనే అడుగుతం. అది మర్యాదే. టైము ఎవరూ చెప్పరు, ‘ఇప్పుడే’ అంటరు. నాకు తోచేది వేరు. దుర్యోధనుడిని ‘ఎప్పుడు వచ్చితీవు’ అన్న కృష్ణుడు అర్జునుడిని ‘ఎక్కడనుండి రాక’ అన్నడు. ‘రాక’ అంటే నువ్వూ రాదు, మీరూ రాదు. ఎంత సున్నితం!

తెనాలి: ఆ పద్యంలోనే కాస్త ముందుకెళితే ‘నీదు నన్నలును’ ఉంది. సంబోధన తప్పించుకోవడం కాదది, చనువు.

విజయనగరం: పద్యం సంగతి ఎలా ఉన్నా కరీంనగర్ గారి మాటలో నిజం ఉంది. మా అమ్మ తన కంటే చిన్నదైన వియ్యపురాలిని నువ్వు అనలేక, మీరు అనడం మరీ దూరంగా తోచి, నెలంతా ‘భోజనాలయ్యాయా?’, ‘ప్రయాణం బాగా జరిగిందా?’ అంటూ నెట్టుకొచ్చింది. బస్సులో పక్కవాళ్ళనీ ‘ఎందాకా ప్రయాణం?’ అనే కదా అడుగుతాం.

కరీంనగర్: బయల్దేరినోళ్ళను ‘ఎక్కడికి’ అనకుండా ‘దూరమా?’ అంటరు చూడండి, అదీ ఇసుంటిదే.

విజయనగరం: అది శకునం భయమండీ, ఆ లెక్క వేరు.

గోదారి గట్టు: తాతయ్య ఆ ‘తీ’ దగ్గరే రాగం తీసేవారు. వచ్చినవాళ్ళు చెంబు అందుకుని కాళ్ళు కడుక్కునేదాకా ‘వు’ వచ్చేది కాదు. నాకు మాత్రం అది దీర్ఘంగానే ఉండాలి.

పద్యాల పెట్టె: ఉండాల్సిందే. కానీ ‘వి’ ఏమైందో తెనాలి గారు ఇంకా చెప్పలేదు.