ప్రాసెసర్ మార్చాక ఎన్‌కోడింగ్ నెమ్మదైంది: కొత్త హార్డ్‌వేర్, పాత ఓఎస్ కలిసినప్పుడు మీ అనుభవాలు చెప్పండి

రాత్రి_రెండర్
అందరికీ నమస్తే. పోయిన నెలలో మదర్‌బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాను. 8 పీ-కోర్లు (వేగంగా నడిచే పెద్దవి), 8 ఈ-కోర్లు (కరెంటు తక్కువ తినే చిన్నవి) ఉన్న ప్రాసెసర్. ఓఎస్ మాత్రం పాతదే, డ్రైవ్ తెచ్చి దీంట్లో బిగిస్తే బూట్ అయింది, అంతా బాగానే ఉందనుకున్నాను. వీడియో ఎన్‌కోడ్ పెట్టి ఆ విండో ఎదురుగా ఉంచితే 12 నిమిషాల్లో అయిపోతోంది, అదే మినిమైజ్ చేసి బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటుంటే అరగంట దాటుతోంది. వేడెక్కి స్పీడు తగ్గుతోందేమోనని కూలర్ విప్పి పేస్ట్ కూడా మళ్లీ పూశాను, తేడా లేదు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే చివరి 8 గ్రాఫులు నిండుగా ఉన్నాయి, ముందున్న 16 దాదాపు ఖాళీ. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

కోర్_లెక్క
పేస్ట్ జోలికి వెళ్లక్కర్లేదండీ, మీరు చూసిన గ్రాఫుల్లోనే జవాబుంది. ముందున్న 16 పీ-కోర్లవి, ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). చివరి 8 ఈ-కోర్లవి. విండో మినిమైజ్ చేయగానే ఓఎస్ దాన్ని బ్యాక్‌గ్రౌండ్ పని కింద జమకట్టి చిన్న కోర్ల మీదికి తోసేస్తోంది.

పీసీల్లో షెడ్యూలర్లు, అంటే ఏ పని ఏ కోర్‌కి ఇవ్వాలో చూసే ఓఎస్ భాగాలు, ఏళ్ల తరబడి కోర్లన్నీ ఒకటేనన్న లెక్కతో నడిచాయి, ఏది ఖాళీగా ఉంటే దానికి పని ఇస్తే సరిపోయేది. ఫోన్లలో ఆ లెక్క ముందే తప్పింది. చిప్ డిజైన్లు చేసే ఆర్మ్ కంపెనీ పెద్ద, చిన్న కోర్లను కలిపే బిగ్.లిటిల్‌ని 2011లోనే ప్రకటించింది, అయినా కరెంటు ఖర్చు చూసి కోర్‌ని ఎంచుకునే ఎనర్జీ అవేర్ షెడ్యూలింగ్ అసలు లైనక్స్ కెర్నల్‌లో (ఓఎస్ మూల భాగంలో) చేరేసరికి 2019 వచ్చింది, 5.0 వెర్షన్‌లో. డెస్క్‌టాప్‌లో ఇది 2021లో ఇంటెల్ ఆల్డర్ లేక్ ప్రాసెసర్లతో అందరికీ ఎదురైంది. అందులో థ్రెడ్ డైరెక్టర్ అని ఒకటుంటుంది, ఏ థ్రెడ్ ఎలాంటి ఇన్‌స్ట్రక్షన్లు నడుపుతోందో చిప్పే గమనించి ఓఎస్‌కి సూచనలిస్తుంది. ఆ సూచనలు వాడుకునేలా విండోస్ 11ని తయారుచేశారు, మీ పాత ఓఎస్‌ని అలా చేయలేదు. మీరు ముందు పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి చూడండి.

సెక్టార్63
డ్రైవ్ అలాగే తెచ్చి పెట్టాను అన్నారు కాబట్టి నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల కిందట పాత హార్డ్ డిస్క్‌ని కొత్త 4కె సెక్టార్ డిస్క్ మీదికి క్లోన్ చేశాను (ఉన్నదున్నట్టు నకలు తీశాను). సెక్టార్ అంటే డిస్క్ ఒకసారికి రాసే ముక్క, పాతవాటిలో 512 బైట్లు, కొత్తదాంట్లో 4096. పెద్ద సినిమా ఫైలు చకచకా కాపీ అయ్యేది, ఫొటోల ఫోల్డర్ మాత్రం కదిలేదే కాదు. డిస్క్ పాడైందనుకుని రెండు రోజులు టెస్టులు నడిపాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. చివరికి తేలిందేంటంటే, పార్టిషన్ (డిస్క్‌లో ఓఎస్ వాడే భాగం) 63వ సెక్టార్ దగ్గర మొదలవుతోంది. డిస్క్‌ని ట్రాకులు, హెడ్‌లుగా లెక్కపెట్టిన కాలంలో ఒక ట్రాక్‌కి గరిష్ఠంగా 63 సెక్టార్లు, ఆ అలవాటే అప్పటి ఓఎస్‌లలో మిగిలిపోయింది. 63ని 512తో గుణిస్తే 32,256. అది 4096తో నిశ్శేషంగా భాగించబడదు. దాంతో నేను రాసే ప్రతి 4కె ముక్కా రెండు అసలు సెక్టార్లకు అడ్డంగా పడేది, డిస్క్ ఆ రెంటినీ చదివి, మార్చి, మళ్లీ రాయాల్సి వచ్చేది. విస్టా నుంచి విండోస్ పార్టిషన్‌ని 1 ఎంబీ దగ్గర మొదలుపెడుతోంది, కానీ క్లోన్ చేస్తే పాత లెక్కే కొత్త డిస్క్‌కి వచ్చేస్తుంది. మీ పార్టిషన్ ఎక్కడ మొదలవుతోందో ఒకసారి చూసుకోండి.

లిఫ్ట్_ఆగింది
@సెక్టార్63 గారు, డిస్క్ ముచ్చట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. తిరిగే డిస్క్ కోసం ఓఎస్‌లు రిక్వెస్టులను లిఫ్ట్ లాగా వరస మార్చి పంపేవి, హెడ్ అటూ ఇటూ పరిగెత్తకుండా. ఎన్‌విఎంఈకి (కొత్త తరహా చిప్ డ్రైవ్‌లకి) చదివే హెడ్ ఏదీ? పాత డ్రైవ్‌ల సాటా ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకటే క్యూ (వరస), అందులో 32 కమాండ్లు. ఎన్‌విఎంఈ ప్రమాణంలో 65 వేలకు పైగా క్యూలకు చోటుంది. అంత దారి ఉన్నా కెర్నల్ లోపల అన్ని కోర్లూ ఒకే తాళం కోసం కాచుకుంటే ఏం లాభం, అందుకే లైనక్స్ 3.13లో, అంటే 2014లో, డిస్క్ రిక్వెస్టులు చూసే బ్లాక్ లేయర్‌ని మల్టీ క్యూగా తిరగరాశారు. నేను ఒక సర్వర్‌లో పాత ట్యూనింగ్ స్క్రిప్టు అలాగే వదిలేశాను, అది ఎన్‌విఎంఈకి కూడా డిస్క్ షెడ్యూలర్‌ని తగిలించేది. ఆ డిస్క్ తాలూకు షెడ్యూలర్ ఫైలు చదివితే స్క్వేర్ బ్రాకెట్లలో ఏముందో అదే నడుస్తున్నట్టు. దాన్ని 'నన్' (షెడ్యూలర్ ఏదీ వద్దు) చేశాక డేటాబేస్ బ్యాకప్ టైమ్ బాగా తగ్గింది.

పాత_మెషీన్
అందరూ ఓఎస్ కొత్త హార్డ్‌వేర్‌ని ఎలా నేర్చుకుంటుందో చెప్తున్నారు, పాతదాన్ని ఎలా వదిలేస్తుందో కూడా చెప్పుకోవాలి. లైనక్స్ 1991లో పుట్టిందే ఇంటెల్ 386 ప్రాసెసర్ మీద, 2013లో 3.8తో దానికి సపోర్ట్ తీసేశారు. అది నాకు న్యాయంగానే అనిపించింది, 386లో లేని ఇన్‌స్ట్రక్షన్ల కోసం ప్రతిచోటా ప్రత్యేకంగా కోడ్ మోయాల్సి వచ్చేది. కానీ 2025 అక్టోబర్ 14న విండోస్ 10 మామూలు సపోర్ట్ ముగిసినప్పుడు, చక్కగా నడుస్తున్న మెషీన్లు టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదనో, ప్రాసెసర్ లిస్టులో లేదనో విండోస్ 11కి వెళ్లలేక ఆగిపోవడం మాత్రం నాకు అస్సలు మింగుడు పడలేదు. నేను రోజూ పనిచేసే లాప్‌టాప్ అలాంటిదే. లైనక్స్ వేసుకుని వాడుతున్నాను.

కోర్_లెక్క
@పాత_మెషీన్ అన్నా, ఆ బాధ నాకూ ఉంది. ఆ షరతులకు చెప్పే సెక్యూరిటీ కారణం ఉత్తిదని మాత్రం అనలేను, 2018లో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ అనే లోపం బయటపడినప్పుడు ఆ చిప్ లోపానికి ఓఎస్‌లు కెర్నల్ పేజ్ టేబుళ్లను (మెమరీ చిరునామాల పట్టికలను) మామూలు ప్రోగ్రాముల నుంచి విడదీసి, కొంత స్పీడు వదులుకోవాల్సి వచ్చింది.

రాత్రి_రెండర్
పవర్ ప్లాన్ మార్చాను. మినిమైజ్ చేసినా ఇప్పుడు 13 నిమిషాలే, ముందున్న గ్రాఫులు కూడా నిండుతున్నాయి. @సెక్టార్63 గారు, పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర, అంటే మీరన్న 1 ఎంబీ దగ్గరే, మొదలవుతోంది, అక్కడ ఇబ్బంది లేనట్టే. ఈ ఆదివారం బ్యాకప్ తీసుకుని కొత్త ఓఎస్ శుభ్రంగా ఇన్‌స్టాల్ చేస్తాను, అప్పుడు పవర్ ప్లాన్‌ని బ్యాలెన్స్‌డ్‌లో ఉంచి ఇదే వీడియో మళ్లీ ఎన్‌కోడ్ చేసి టైమ్ ఇక్కడ పెడతాను.