సకినాల డబ్బా ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగలేదు: బాధ వల్లనా, ఆకలి వల్లనా, అదుపు లేకనా?

సుబేదారి రూమ్ (రాత్రి 11:50)

అందరికీ నమస్తే. నెల రోజులుగా అడగాలనుకుంటూ సిగ్గుతో ఆగిపోయాను. హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. సంక్రాంతికి ఇంటికి పోయి వస్తుంటే అమ్మ పెద్ద స్టీలు డబ్బా నిండా సకినాలు, అరిసెలు పెట్టి ఇచ్చింది. రూమ్‌లో అందరికీ పది రోజులు వచ్చేవి.

మొన్న మాక్ టెస్టులో మార్కులు బాగా తగ్గాయి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి "చదువు ఎట్లుంది?" అని మామూలుగానే అడిగారు. ఫోన్ పెట్టేశాక లైటు ఆపేసి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆకలి లేదు, అన్నం తిని గంట కూడా కాలేదు. రెండు తిని మూత పెడదామనుకున్నాను. అడుగున నువ్వులు తప్ప ఏమీ మిగల్లేదు. కడుపు నొప్పి మొదలైనా చెయ్యి ఆగలేదు. తినేటప్పుడు తలలో ఏ ఆలోచనా లేదు. అయిపోయాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఇది మొదటిసారి కాదు. నాలుగైదు నెలలుగా వారానికి రెండుసార్లయినా జరుగుతోంది.

రూమ్‌మేట్ చూసి "నోరు కట్టుకోవడం రాదా నీకు?" అన్నాడు. నిజంగా నేను అంత బలహీనుణ్ణా? లేక బాధలో ఉన్నప్పుడు మెదడే ఇలా చేయిస్తుందా?

కాజీపేట పెద్దమనిషి (రాత్రి 12:20)

బిడ్డా, కఠినంగా చెబుతున్నానని అనుకోకు. నేను రైల్వేలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసినవాణ్ణి. టెన్షన్ లేని మనిషి ఎవరు? మా అవ్వకు కష్టం వస్తే చేను పనిలో పడేది, తిండి మీద పడేది కాదు. ప్రతిదానికీ మెదడు, హార్మోన్లు అని పేరు పెడితే మనిషి ప్రయత్నం మానేస్తాడని నా భయం. డబ్బా రూమ్‌లో పెట్టుకోకు. పొద్దున్నే లేచి భద్రకాళి బండ్ మీద నడువు.

జగిత్యాల అక్క (ఉదయం 7:05)

తమ్ముడూ, నేను సైకాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. డాక్టర్‌ని కాను, కాబట్టి నీకు ఫలానా జబ్బు ఉందని చెప్పను. కానీ నువ్వు రాసింది చదువుతుంటే మా పాఠం చదివినట్టే ఉంది. ఆకలి లేకుండా తినడం, కడుపు ఇబ్బంది పడేదాకా తినడం, ఎవరూ చూడకుండా తినడం, తర్వాత అసహ్యం. దీన్ని 1959లోనే స్టంకార్డ్ అనే అమెరికా మానసిక వైద్యుడు వర్ణించాడు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక జబ్బుల గుర్తులు రాసిన అమెరికా డాక్టర్ల పుస్తకంలో, బింజ్ ఈటింగ్ డిజార్డర్ (అదుపు తప్పి తినే సమస్య) పేరుతో విడిగా చేర్చారు. వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు ఉండాలి, తినేటప్పుడు అదుపు తప్పిన భావన ఉండాలి. పెళ్లిలో నాలుగు గారెలు ఎక్కువ తినడం దీని కిందికి రాదు. ఆపాలనుకుని ఆపలేకపోవడమే ఇక్కడ అసలు గుర్తు.

పెద్దనాన్నా, మీ అవ్వ బాధను పనిలో మరిచిపోయింది. ఈ తమ్ముడు తిండిలో మరిచిపోతున్నాడు. "తలలో ఏ ఆలోచనా లేదు" అన్నాడు చూశారా? 1991లో హెదర్టన్, బామైస్టర్ అనే సైకాలజిస్టులు సరిగ్గా ఇదే రాశారు. 'నేను పనికిరాను' అనే ఆలోచన భరించలేనప్పుడు మనిషి దృష్టి అంతా చేతిలో ఉన్న తిండి రుచి మీదికి కుదించుకుంటాడు. కాసేపు తన నుంచి తాను తప్పించుకుంటాడు. అందుకే నేను బాధ వైపే ఉన్నాను.

ములుగు రోడ్ (ఉదయం 9:40)

అక్కా, నేను ఒప్పుకోను. నాకూ ఇదే ఉండేది, బాధ అనుకునే రెండేళ్లు పోగొట్టుకున్నాను. అసలు కారణం పగటి పూట కడుపు మాడ్చుకోవడం. బరువు తగ్గాలని పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు చపాతీలతో సరిపెట్టేదాన్ని. రాత్రి తొమ్మిది దాటితే ఫ్రిజ్ ముందు నుంచి కదలలేకపోయేదాన్ని.

మిన్నెసోటా ప్రయోగం గురించి చదవండి. 1944లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లను తీసుకుని, ముందు వాళ్ల మామూలు తిండి చూసి, తర్వాత 24 వారాలు సగం తిండి మీద ఉంచాడు. వాళ్లకు అంతకు ముందు ఇలాంటి సమస్య లేదు, మనసు గట్టిదని పరీక్షించి మరీ ఎంపిక చేశారు. అయినా పగలూ రాత్రీ తిండి ధ్యాసే. మళ్లీ తిండి దొరికాక కొందరు కడుపు పగిలేలా తిన్నారు. చిరాకు, దిగులు కూడా ఆ ఆకలి నుంచే వచ్చాయి. అంటే ఆకలి ముందు, బాధ తర్వాత. తమ్ముడూ, ఒక్కటి చెప్పు. నువ్వు పొద్దున ఏం తింటావు?

పరకాల (ఉదయం 10:15)

నాకు బాధ వస్తే ముద్ద దిగదు. బాధే కారణమైతే అందరూ తినాలి కదా?

జగిత్యాల అక్క (మధ్యాహ్నం 1:30)

పరకాల గారూ, మంచి ప్రశ్న. హఠాత్తుగా భయమో దిగులో కలిగితే అడ్రినలిన్ ఆకలిని చంపేస్తుంది. అదే ఒత్తిడి వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఆకలిని పెంచుతుంది, అందులోనూ తీపి, నూనె వైపు లాగుతుంది. మనిషిని బట్టి ఏది గెలుస్తుందో మారుతుంది.

ములుగు రోడ్ చెల్లీ, మిన్నెసోటా సంగతి కాదనలేను. నాకు వ్యతిరేకంగా ఉన్న ఇంకో విషయం నేనే చెబుతాను, దాచడం తప్పు. 2011లో 36 పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. మనుషులు రోజువారీ జీవితంలో ఉండగానే తమ మనసు ఎలా ఉందో అప్పటికప్పుడు రాసి ఇచ్చిన పరిశోధనలవి. బింజ్‌కి ముందు దిగులు మామూలు కంటే ఎక్కువ ఉందని తేలింది. అంతవరకు నా మాటే. కానీ తిన్న తర్వాత దిగులు తగ్గలేదు, ఇంకా పెరిగింది. బాధ తగ్గించుకోవడానికే తింటారన్న సిద్ధాంతానికి అది పెద్ద దెబ్బ. తినే ఆ పది నిమిషాల్లో దొరికే ఉపశమనాన్ని అలాంటి లెక్కలు పట్టుకోలేవని కొందరు అంటారు. నాకూ అదే అనిపిస్తుంది, కానీ అది రుజువు కాదు.

కాజీపేట పెద్దమనిషి (సాయంత్రం 6:10)

చదివాను. ఇద్దరూ ఓపికగా రాశారు. కానీ నా భయం అలాగే ఉంది. మెదడు చేయించింది అంటే ఇక ఆ పిల్లవాడి చేతిలో ఏముంది?

జగిత్యాల అక్క (రాత్రి 8:45)

పెద్దనాన్నా, ఈ భయానికి సరైన జవాబు ఇవ్వాలి. మన నుదుటి వెనక ఉండే ప్రిఫ్రంటల్ కార్టెక్స్ 'ఇక చాలు' అని ఆపే భాగం. లోపల స్ట్రయాటమ్ అనే భాగం డోపమైన్ అనే మెదడు రసాయనం ద్వారా 'అది కావాలి' అని లాగుతుంది. బింజ్ సమస్య ఉన్నవాళ్లకు తమను తాము ఆపుకోవాల్సిన పరీక్ష పెట్టి స్కాన్ చేస్తే, ఆపే భాగాల్లో చురుకు తక్కువగా కనిపించిన పరిశోధనలు ఉన్నాయి. అయితే ఆ స్కాన్ ఒక రోజు తీసిన ఫొటో లాంటిది. అలా ఉండటం వల్ల తిన్నారా, ఏళ్లుగా అలా తినడం వల్ల అలా అయిందా అనేది ఫొటో చెప్పదు. కాబట్టి మెదడు స్కాన్ చూపించి "ఇతని రాత ఇంతే" అనడం నేనూ ఒప్పుకోను.

2015లో అమెరికాలో పెద్దవాళ్ల బింజ్ ఈటింగ్‌కి మొదటిసారి ఒక మందును అనుమతించారు. అది అప్పటికే ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) వాడుతున్న లిస్‌డెక్సాంఫెటమిన్. డోపమైన్ మీద పనిచేసే మందుతో బింజ్ రోజులు తగ్గాయంటే ఇది ఉత్త సోమరితనం కాదని తెలుస్తోంది. అది సొంతంగా వేసుకునే మందు మాత్రం కాదు. ఇక మందు లేకుండా, ఆలోచనలూ అలవాట్లూ మార్చుకునేలా మాటలతో చేసే సీబీటీ చికిత్సలో మొదటి పని ఏమిటో తెలుసా? మూడు పూటలా వేళకు తినడం, మధ్యలో కొద్దిగా చిరుతిండి. అక్కడ ములుగు రోడ్ చెల్లి మాటే గెలిచింది. ప్రయత్నం ఉంది పెద్దనాన్నా, కానీ అది రాత్రి పదకొండింటికి డబ్బా ముందు చేసే ప్రయత్నం కాదు. పొద్దున ఎనిమిదింటికి ఇడ్లీ ముందు మొదలవ్వాలి.

తమ్ముడూ, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. పోవడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

సుబేదారి రూమ్ (12 రోజుల తర్వాత, రాత్రి 10:30)

అందరికీ దండం. ములుగు రోడ్ అక్క అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు రాయలేదు, ఎందుకంటే పొద్దున నేను టీ తప్ప ఏమీ తినను. డబ్బులు ఆదా అవుతాయి, నిద్ర రాదు అనుకునేవాణ్ణి. కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీలో మూడింటిదాకా కూర్చుని అప్పుడు అన్నం.

ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. ఈ 12 రోజుల్లో నాలుగుసార్లు అదుపు తప్పింది. మూడుసార్లు పగలు ఏమీ తినని రోజులే. నాలుగోది వేరు. ఆ రోజు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం కడుపు నిండా తిన్నాను. సాయంత్రం మా క్లాస్‌మేట్‌కి ఉద్యోగం వచ్చిందని తెలిసింది. అదే రాత్రి రెండు ప్యాకెట్ల బ్రెడ్డు. కాబట్టి అక్కా, మీ ఇద్దరిలో ఒక్కరిదే నిజమని నేను చెప్పలేను. నిన్న 14416కి చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. "నోరు కట్టుకో" అని ఒక్కసారి కూడా అనలేదు.

ములుగు రోడ్ (రాత్రి 10:52)

ఆ నాలుగోది చదివి ఆగిపోయాను. నాకూ అలాంటివి ఉండేవి, వాటిని లెక్కలోకి తీసుకోలేదు. రేపు కూడా టిఫిన్ తిను తమ్ముడూ.

కాజీపేట పెద్దమనిషి (రాత్రి 11:15)

ప్రయత్నం కావాలన్న నా మాట వెనక్కి తీసుకోను. కానీ బిడ్డా, మా ఇంట్లో ఒకరు రాత్రి వంటింట్లో లైటు వేయకుండా నిలబడి తినడం నేను రెండుసార్లు చూశాను. "ఇప్పుడే కదా తిన్నావు" అన్నాను. ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ మాట ఎందుకన్నానా అని ఇన్ని రోజులూ అనిపించలేదు, నీ రాత చదివాక అనిపిస్తోంది. నువ్వు రాసే ఆ నోట్‌బుక్‌లో ఏమేం రాస్తావో చెప్పు.

సుబేదారి రూమ్ (రాత్రి 11:31)

పెద్దనాన్నా, పెద్దగా ఏం లేదు. ఎన్ని గంటలకు తిన్నాను, అంతకు ముందు తిని ఎంతసేపైంది, మనసులో ఏముంది, ఎవరితో మాట్లాడాను. ఎంత తిన్నానో మాత్రం రాయను. అది రాస్తే మళ్లీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మీ ఇంట్లో వాళ్లకు ఇలాంటి నోట్‌బుక్ ఇస్తే, ఇచ్చేసి ఊరుకోండి, తెరిచి చూడకండి.