నార్తాంప్టన్ ఉప ఎన్నిక, 1881: సీటు ఖాళీ అయిన తేదీ ఏది?

19వ శతాబ్దపు బ్రిటిష్ ఉప ఎన్నికల పట్టిక తయారుచేస్తున్నాను. ప్రతి వరుసలో ఖాళీ అయిన తేదీ, కారణం, పోలింగ్ తేదీ, మధ్యలో ఎన్ని రోజులు అన్న నాలుగు గడులు. నార్తాంప్టన్ సభ్యుడు చార్లెస్ బ్రాడ్‌లా సీటు దగ్గర లెక్క తెగడం లేదు; అది 1881, 1882, 1884ల్లో మూడుసార్లు ఖాళీ అయింది.

1882, 1884 వరుసలతో పేచీ లేదు. 1882లో ఫిబ్రవరి 22న కామన్స్ సభ ఆయన్ని సభ్యత్వం నుంచి తొలగించింది, మార్చి 2న పోలింగ్: 8 రోజులు. 1884లో ఆయనే నామమాత్రపు రాజోద్యోగం తీసుకుని సీటు వదులుకున్నారు.

చిక్కంతా 1881దే. ప్రమాణం చేయకుండా ఓటేస్తే సభ్యుడు చనిపోయినట్టే లెక్కగట్టి సీటు ఖాళీ అవుతుందని 1866 చట్టం (500 పౌండ్ల జరిమానా అదనం!). ఆయన ఓటేసింది 1880 జులైలో, ఆ ఓటు మీద అప్పీలు కోర్టు తీర్పు 1881 మార్చిలో, పోలింగ్ ఏప్రిల్ 9న. ఓటేసిన రోజు పెడితే వ్యవధి తొమ్మిది నెలలు, సగటు మొత్తం చెడుతోంది. తీర్పు రోజు పెడితే చట్టం మాటకు విరుద్ధం. రెండు తేదీలూ వేసి చూశాను, వ్యవధి గడి ఒక్కటే తేదీ తీసుకుంటుంది.

ఇలాంటి పట్టికలు చేసినవాళ్లు 1881 వరుసలో ఖాళీ తేదీగా ఓటేసిన రోజు వేస్తారా, తీర్పు రోజా?