థర్మిక్ ఆయిల్ లైను: పంపు నాజిల్‌పై లోడ్ తగ్గించేదెలా?

నమస్కారమండీ. నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర ఒక వంటనూనెల రిఫైనరీలో పైపింగ్ పని చూస్తున్నాను. థర్మిక్ ఆయిల్ (వేడిని మోసుకెళ్లే నూనె) వెళ్లే 8 అంగుళాల కార్బన్ స్టీల్ పైపు, 60 మీటర్ల తిన్నని లైను. 30 నుంచి 280 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 19 సెంటీమీటర్లు సాగుతుంది. అందుకే మధ్యలో లూప్ (ఆ సాగుదలను తీసుకునే U ఆకారపు వంపు) పెట్టాను. పైపు స్ట్రెస్‌లు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ సీజర్ టూలో స్ట్రెస్‌లన్నీ పాసయ్యాయి. కానీ పంపు నాజిల్‌పై (పంపుకు పైపు కలిసే మూతిపై) లోడ్ తయారీదారు ఇచ్చిన పరిమితికి రెట్టింపు వస్తోంది. వేడిలో పంపు పక్కనున్న మొదటి సపోర్టు మీంచి పైపు పైకి లేస్తోంది, చిక్కంతా అక్కడే అనుకుంటున్నాను. అక్కడ స్ప్రింగ్ సపోర్టు పెట్టాలా, లూప్‌కీ పంపుకీ మధ్య యాంకర్ (పైపును కదలకుండా పట్టే బిగింపు) వేయాలా? మా సీనియర్ బెలోస్ (సాగే ముడతల జాయింటు) పెట్టేయమంటున్నారు. అది పగిలి వేడి నూనె చిమ్మితే నిప్పంటుకోవచ్చు, పక్కనే మనుషులుంటారు. నాకు మనసొప్పట్లేదు. ఇలాంటి లైను చేసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే వారమే ఫ్యాబ్రికేషన్ మొదలు, చాలా టెన్షన్‌గా ఉంది.