పూతరేకుల కొట్టుకు సొంత యాప్ కావాలా, వాట్సాప్ చాలదా?

గౌతమి గట్టు: ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఇక కొట్టుకో యాప్ ఉండాల్సిందే అంటున్నారు కొందరు. ఇంట్లో నలుగురు కూర్చుని చుట్టే కొట్టుకి యాప్ దండగ అని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

కోడ్ కోనసీమ: దండగెలా అవుతుందండీ? ప్లేస్టోర్ ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు కడితే సరి. తినే సరుకు కాబట్టి గూగుల్‌కి అమ్మకంలో వాటా ఇవ్వక్కర్లేదు. పండగ ముందు ఒక నోటిఫికేషన్ కొడితే పాత ఖాతాదార్లంతా వస్తారు.

వశిష్ఠ రేవు: 25 డాలర్లతో ఆగితే గొడవే లేదు. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది వరసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉంటేగానీ విడుదలకి దరఖాస్తే పెట్టనివ్వరు. ఐఫోన్‌కీ కావాలంటే ఏటా 99 డాలర్లు. అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లవాళ్లకి స్టోర్‌లో కనపడదు. అప్పటికి యాప్ చేసిచ్చిన కుర్రాడు ఎక్కడుంటాడో! అయినా ఏడాదికి రెండుసార్లు కొనే మనిషి మన యాప్‌ని ఫోన్‌లో ఉంచుకుంటాడంటారా?

కోడ్ కోనసీమ: మరి సంక్రాంతికి వాట్సాప్ గతేంటి? "రెండు డబ్బాలు పంపండి" అని వాయిస్ మెసేజ్ పెడతారు. పంచదారవో బెల్లంవో చెప్పరు, పిన్‌కోడ్ ఉండదు. బ్రాడ్‌కాస్ట్ జాబితాకి 256 మందే, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది.

రేకుల కుండ: ఇద్దరూ ఫోన్ దగ్గరే ఆగిపోయారు, కాస్త పొయ్యి దగ్గరకి రండి. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిస్తే ఒక రేకు వస్తుంది. ఆర్డర్లు రెట్టింపైనంత మాత్రాన కుండలు రెట్టింపు కావు. రోజుకి ఎన్ని డబ్బాలు చుట్టగలరో అంతవరకే తీసుకుని, నిండగానే ఆపాలి. గూగుల్ షీట్‌లో తేదీకో వరస పెట్టుకుంటే చాలు.

వాట్సాప్ బిజినెస్‌లో పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్ రకాలు విడివిడిగా ధరతో కేటలాగ్‌లో పెట్టండి. "రకం, డబ్బాలు, పేరు, ఇంటి నంబరు, ఊరు, పిన్‌కోడ్, ఫోన్" అని ఒక క్విక్ రిప్లై (ముందే రాసిపెట్టుకునే జవాబు) సిద్ధంగా ఉంచండి. లేబుళ్లు నాలుగు: కొత్తది, డబ్బు అందింది, చుట్టాలి, పంపాం. స్క్రీన్‌షాట్ నమ్మి డబ్బా కట్టొద్దు. ఖాతాలో జమ పడిందో లేదో యూటీఆర్ నంబరుతో (బ్యాంకు ఒక్కో చెల్లింపుకీ ఇచ్చే నంబరు) సరిచూసుకున్నాకే రెండో లేబుల్.

అసలు చేతి చమురు వదిలేది కొరియర్ దగ్గర. పూతరేకులు తేలికే గానీ చోటు ఎక్కువ తింటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు, వచ్చిన కిలోలు అసలు తూకం కన్నా ఎక్కువైతే బిల్లు వాటికే. 30×20×10 డబ్బా అరకిలోనే తూగినా బిల్లు 1.2 కిలోలకి. ఎత్తు 6కి తగ్గిస్తే 0.72 కిలో. అలాగని కుక్కితే పొడిపొడే. బెల్లంవి తేమ లాగి రేకులు అంటుకుపోతాయి, వానాకాలంలో దూరాలకి పంచదారవే పంపండి. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం వద్దే వద్దు, తిరిగొచ్చిన డబ్బా ఎవరికమ్ముతారు?

లెక్కల పద్దు: హైదరాబాద్ ఆర్డర్లుంటే ఇంకో తిరకాసు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవరు ఎంత చిన్నదైనా జీఎస్‌టీ నమోదు తప్పదు. యాప్ అయినా వాట్సాప్ అయినా ఒకటే.

కోడ్ కోనసీమ: షీట్ సంగతి సగమే ఒప్పుకుంటా. పండగ వారంలో ఇద్దరు ఫోన్లెత్తితే మిగిలిన ఒక్క డబ్బానీ ఇద్దరికీ రాసేస్తారు. యాప్ వద్దంటే పోనీ, చిన్న వెబ్‌పేజీ పెట్టండి. తేదీ ఎంచుకోగానే ఎన్ని మిగిలాయో చూపించాలి, డబ్బు పడేదాకా 15 నిమిషాలు ఆ డబ్బాని పట్టి ఉంచాలి. లింకు వాట్సాప్‌లోనే పంపొచ్చు.

వశిష్ఠ రేవు: దానికి నాకు అభ్యంతరం లేదు. డొమైను (పేజీ చిరునామా) మాత్రం కొట్టువాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తోనే కొనాలి. చేసిచ్చినవాడి పేరు మీదుంటే రెన్యువల్ రోజున వాడి చుట్టూ తిరగాలి.

రేకుల కుండ: ఆ పేజీ తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలండోయ్. ఫోన్ నంబరు పైనే పెట్టండి. వాయిస్ మెసేజ్ పెట్టే పెద్దావిడ పేజీ జోలికి రాదు, కానీ తీసుకునేది పది డబ్బాలు.