గళ్ళు పడే బొమ్మకు కొత్త బాక్సే మందా?

కావలి నుంచి:
రొట్టెల పండుగ నాడు నెల్లూరు స్వర్ణాల చెరువు దృశ్యాలు టీవీలో చూశాం. వ్యాఖ్యాత ముఖం చక్కగా ఉంది, కెమెరా నీటి వైపు తిరగగానే బొమ్మంతా గళ్ళు. కేబుల్ ఆయన్ను అడిగితే, ‘మీది ఎంపెగ్-2 బాక్సు. ఎంపెగ్-4ది పెట్టించుకోండి, అద్దంలా వస్తుంది’ అన్నారు. వీధంతా సొంత డబ్బుతో బాక్సులు మార్చుకోవాలట. న్యాయమేనా?

ఒంగోలు నుంచి:
న్యాయమే. ఎంపెగ్ అంటే వీడియోను కుదించి పంపే పద్ధతి. హెచ్.264 అనే ఈ ఎంపెగ్-4 పద్ధతి 2003లో వచ్చింది. అదే నాణ్యతకు ఎంపెగ్-2తో పోలిస్తే దాదాపు సగం బిట్లు చాలు. పాత బాక్సులో వీడియోను విప్పే పని చిప్‌లోనే అచ్చుపోసి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఎక్కించి కొత్త పద్ధతి నేర్పలేం. నేను బాక్సులు బాగుచేస్తాను. తొలినాటి బోర్డుల్లో ప్రాసెసర్, ఛానళ్ళను విడదీసేది, వీడియోను విప్పేది వేర్వేరు చిప్‌లు. తర్వాత అవన్నీ ఒకే చిప్‌లో కలిశాయి. బాక్సు చిన్నదైంది, చవకైంది. ఆ చిప్ పోతే బోర్డే పోయినట్టు, మా చేతికి పని తగ్గింది. అయినా మార్పు మంచిదే అంటాను.

నెల్లూరు నుంచి:
చిప్ గురించి మీరన్నది నిజం. గళ్ళ నేరం బాక్సు మీద మోపడమే నాకు మింగుడుపడదు. సిగ్నల్ లోపమైతే వ్యాఖ్యాత ముఖం కూడా పగిలేది. ఎంపెగ్ ముందు ఫ్రేములో, అంటే వీడియోలో అంతకుముందు బొమ్మలో, ఉన్నదాన్నే వాడుకుని తేడాను మాత్రం పంపుతుంది. స్టూడియో గోడ కదలదు, బిట్లు మిగులుతాయి. చెరువులో ప్రతి అల కొత్తదే, ఒడ్డున వేల తలలు, చేతులు మారే రొట్టెలు. అప్పుడు బిట్లు చాలకపోతే 8×8 చుక్కల గళ్ళు బయటపడతాయి. ఆ కోత పడేది పంపే చోట. బాక్సు తనకు అందినదాన్ని విప్పుతుంది, అంతే.

కేబుల్‌లో కొన్ని ఛానళ్ళను కలిపి మోసే తరంగాన్ని వాహకం అంటారు. 8 మెగాహెర్ట్జ్‌ల ఒక్కో వాహకంలో, బిట్లను తరంగం మీదికి ఎక్కించే 64 క్వామ్ పద్ధతిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్లే పడతాయి. 4 మెగాబిట్ల చొప్పున 9 ఛానళ్ళు హాయిగా వెళ్తాయి. 15 కుక్కితే ఒక్కోదానికి రెండున్నరే. రేపు హెచ్.264తో మిగిలిన చోటులో 30 కుక్కితే మన డబ్బు వృథా. హెచ్.264లో గళ్ళను నునుపు చేసే ఏర్పాటు ఉంది కాబట్టి ఈసారి నీరు మైనపు ముద్దలా కనిపిస్తుంది. లోపం దాగుతుంది, పోదు.

డబ్బు కట్టే ముందు ఒక్కో వాహకంలో ఎన్ని ఛానళ్ళు పెడతారో కాగితం మీద రాయించుకోండి.

కావలి నుంచి:
వీధిలో పదిమందిమి కలిసి రేపే వెళ్తున్నాం. పాత బాక్సుకు ఎంత తగ్గిస్తారో కూడా అందులోనే రాయమంటాం.