వానల తర్వాత కారు స్టార్టు కావడం లేదు: మడిపాక్కం నుంచి ఒక ప్రశ్న

నమస్కారమండీ. ఉద్యోగరీత్యా నెల్లూరు నుంచి ఈమధ్యనే చెన్నైకి మారాము. మాది మాన్యువల్ గేరు పెట్రోలు కారు. రాత్రంతా వాన పడిన తర్వాత ఈ ఉదయం తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు దీపాలు వెలుగుతున్నాయి గానీ, వరుసగా టకటకమనే చప్పుడు తప్ప ఇంజను తిరగడం లేదు. లోపం బ్యాటరీదేనా? ఇంటికి వచ్చే మెకానిక్ ఎవరైనా ఉంటే దయచేసి తెలుపగలరు.

వేళచ్చేరి నుంచి:
తమ్ముడూ, మెకానిక్ సంగతి తర్వాత చూద్దాం. రాత్రి పార్కింగులోకి నీళ్లు వచ్చాయేమో ముందు వాచ్‌మన్‌ను అడుగు, డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తి తడిమి చూడు. ఎయిర్ ఫిల్టరు తడిసి ఉంటే మాత్రం మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు కనుక, సిలిండరులో నీరుండగా ఇంజనును తిప్పితే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మా సెల్లారులో కారు మునిగినప్పుడు నేను ఊళ్లో లేను. అసోసియేషన్ పెద్దమనిషి ఒకాయన ఉపకారం చేస్తున్నాననుకుని, మా ఇంట్లో తాళం అడిగి తీసుకుని, ఆగకుండా సెల్ఫ్ కొట్టాడు. తర్వాత వచ్చిన బీమా సర్వేయరు ఇంజను విప్పించి, వంగిన రాడ్డుకు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకుని, ఇది వరద వల్ల కలిగిన నష్టం కాదు, వరద తర్వాత స్టార్టు చేయబోవడం వల్ల కలిగిన నష్టమని రాసిపోయాడు. సీట్లకూ వైరింగుకూ డబ్బు వచ్చింది, ఇంజనుకు పైసా రాలేదు. ఆ కార్యాలయం మెట్లు ఎన్నిసార్లు ఎక్కినా, పాలసీలో ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేదన్న ఒక్క మాటే వినిపించింది. 2024 అక్టోబరులో వర్షసూచన రాగానే మా ప్రాంతంవారు కార్లను ఫ్లైఓవరు మీద వరుసగా నిలిపింది ఊరికే కాదు.

అంబత్తూరు నుంచి:
అన్నగారు వరద ప్రస్తావన ఎత్తితే ఆపరు. అడిగినవారు చెప్పింది టకటక చప్పుడు గురించి. సిలిండరులో నీరు చేరితే సాధారణంగా ఒక్కసారి ఠక్కుమని ఇంజను బిగుసుకుపోతుంది. వరుసగా టకటకమంటే, స్టార్టరుకు కరెంటు కలిపే స్విచ్చు అయిన సోలినాయిడుకు అందుతున్న కరెంటు స్టార్టరు మోటారుకు చాలడం లేదని అర్థం. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. వెలుగు ఒక్కసారిగా పడిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ మీటరులో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లే. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే, ముందు నెగటివ్ తీగ విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరబెట్టి బిగించండి. జంపర్ కేబుళ్లు వాడితే ఎరుపుది రెండు బ్యాటరీల పాజిటివ్‌లకూ, నలుపుది మంచి బ్యాటరీ నెగటివ్‌కూ తగిలించి, దాని రెండో కొసను మీ ఇంజను మీది రంగు పూయని లోహానికి చిట్టచివర తగిలించాలి.

పెరంబూరు నుంచి:
మాన్యువల్ గేరు బండికి ఇంత శ్రమ ఎందుకండీ? ఇద్దరు తోస్తుండగా, ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండో గేరులో క్లచ్ వదిలితే చాలు. మా కార్లన్నీ అలాగే నడిచాయి.

అంబత్తూరు నుంచి:
అవి కార్బురేటరు కాలపు కార్లు కాబట్టి నడిచాయి. ఇప్పటి కార్లలో పెట్రోలు పంపుకూ ఇంజను కంప్యూటరుకూ కరెంటు అందకపోతే ఎంత తోసినా లాభం లేదు. పైగా పదే పదే తోస్తే, కాలని పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి దానిని పాడు చేస్తుంది.

పెరంబూరు నుంచి:
దీపాలు వెలుగుతున్నాయని ఆయనే రాశారు కదా! పంపుకు ఆ మాత్రం కరెంటు చాలు. ఒక్కసారి తోసినంత మాత్రాన కన్వర్టరు కరిగిపోదు.

అంబత్తూరు నుంచి:
సరే, నీరు చేరలేదని తేలాక ఒక్కసారి తోయనివ్వండి. కానీ స్టార్టయిన తర్వాత బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూడడం మరవవద్దు. ఇంజను నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి. చాలా కార్లలో అంతకన్నా బాగా తగ్గిందంటే లోపం బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరుదో దాని బెల్టుదో కావచ్చు. అది చూపించకుండా, కారు విడిభాగాల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లి కొత్త బ్యాటరీ కొనుక్కోకండి.